సూరిబాబు భయం

కొత్తగా సేఫ్టీ ప్రతినిధి అయినవాళ్ళకి ఇచ్చే శిక్షణ ఎలా ఉంటుందో ఫ్యాక్టరీల్లో పనిచేసేవాళ్ళని ఎవర్నడిగినా చెబుతారు. ఒక ఏసీ గది, గోడ మీద నాలుగు బొమ్మలు, మధ్యాహ్నం సాంబారన్నం, సాయంత్రం ఒక సర్టిఫికెట్టు, దాన్ని పట్టుకుని ఓ ఫొటో. మర్నాడు డ్యూటీకొచ్చి చూస్తే జారే నేల జారుతూనే ఉంటుంది, ఊడిన వైరు వేలాడుతూనే ఉంటుంది. వీరవేణి కూడా అలాంటిదే అనుకుని కాకినాడ బస్సెక్కింది. ఒక పూట రొయ్యల కంపు తప్పుతుంది, అదే పదివేలు అనుకుంది.

ఆమె పనిచేసేది ఉప్పుటేరు ఒడ్డున ఉన్న రొయ్యల ఫ్యాక్టరీలో. రొయ్యలు ఒలిచే హాల్లో ఆడవాళ్ళంతా కలిసి ఆమెని తమ ప్రతినిధిగా ఎన్నుకున్నారు. చదువెక్కువని కాదు, తెలివెక్కువనీ కాదు. ఆమె గొంతు పెద్దది. మెషిన్ల రొదలో కూడా హాలు ఈ మూల నుంచి ఆ మూలకి ఖంగుమని వినబడుతుంది. మేనేజరు ఎదురుగా నిలబడి నీళ్ళు నమలకుండా మాట్లాడే మనిషి కూడా ఆమె ఒక్కతే. ఎన్నికైన రోజున ఇంటికెళ్ళి అద్దం ముందు నిలబడి తనలో తనే నవ్వుకుంది పిచ్చిది.

శిక్షణ కేంద్రంలో తెల్లకోటు వేసుకుని ఎదురొచ్చిన డాక్టర్ని చూసి నోరెళ్ళబెట్టింది. మైథిలి! చిన్నప్పుడు బళ్ళో ఒకే బల్ల మీద కూర్చున్న మైథిలి. ఆవిడ మెదడు మీద పెద్ద పెద్ద చదువులు చదివిందని విందిగానీ, ఇలా సేఫ్టీ క్లాసులు చెబుతుందని ఎవరనుకుంటారు? ఇద్దరూ ఒకరి చేతులొకరు పట్టుకుని కాసేపు చిన్నప్పటి కబుర్లన్నీ కలబోసుకున్నారు.

బొమ్మల క్లాసు పక్కనపెట్టి మైథిలి ఆమెని లోపలి గదిలోకి తీసుకెళ్ళింది. అక్కడ ఎదురెదురుగా రెండు కుర్చీలు, మధ్యలో మూగగా కూర్చున్న ఒక పెట్టె. దానికి రెండు పట్టీలు, మెడ వెనక కట్టుకునేవి. ఇదీ తన పరిశోధన అంది. ప్రమాదం నుంచి బతికి బయటపడ్డ మనిషి ఒంటికి ఒక ఉలుకు అబ్బుతుంది. బుర్ర ఆలోచించేలోపే ఒళ్ళు లేచి పరిగెడుతుంది. అది పుస్తకాల వల్ల రాదు, బొమ్మల వల్ల రాదు. ఈ పట్టీ ఆ ఉలుకుని పట్టుకుని ఎదుటి కుర్చీలో ఉన్న మనిషి ఒంట్లో పెడుతుంది. ఇక కొత్త ప్రతినిధికి పాఠాలు అక్కర్లేదు, గ్యాసు కారితే వెన్నుపూసే చెబుతుంది.

"మరి ఇచ్చినాయనకి?" అని అడిగింది వీరవేణి. అడిగింది, నిజం. ఆ మాట ఆమె తర్వాత చాలాసార్లు తలుచుకుంది.

"ఒక దీపంతో ఇంకో దీపం వెలిగిస్తే మొదటిది ఆరిపోతుందా ఏంటే?" అంది మైథిలి. అని, సూరిబాబు అన్నయ్య ఎలా ఉన్నారని అడిగింది.

సూరిబాబు వీరవేణికి స్వయానా అన్న. అదే ఫ్యాక్టరీలో కంప్రెసర్ గది ఆపరేటరు. రొయ్యల్ని గడ్డకట్టించే చల్లదనమంతా ఆ గదిలోంచే వస్తుంది, అమ్మోనియా గ్యాసుతో. కిందటేడు అక్కడ పైపు పగిలింది. పక్కనున్న తోటి ఆపరేటరు అక్కడికక్కడే పోయాడు. సూరిబాబు నేల మీద పాక్కుంటూ బయటపడ్డాడు. అప్పటి నుంచీ మనిషి మనిషి కాదు. ఎక్కడ సన్నగా వాసనొచ్చినా సరే, చేతిలో ఏముంటే అది పడేసి పరుగు. మొదట్లో ఆడవాళ్ళు పడీ పడీ నవ్వారు. తర్వాత ఒకటి గమనించారు. అతను పరిగెత్తిన ప్రతిసారీ నిజంగానే ఎక్కడో కారుతోంది. సైరనేమో ఊరికూరికే మోగుతుంటే సూపర్‌వైజరే దాని నోట్లో గుడ్డ కుక్కాడు. దాంతో హాల్లో ఒక అలవాటు పడిపోయింది. ఒలిచే చేతులు ఒలుస్తూనే ఉండేవి, కళ్ళు మాత్రం కంప్రెసర్ గది గుమ్మం వైపే ఉండేవి. సూరిబాబు లేచాడా, అందరూ లేచేవారు. అతను కూర్చుంటే కూర్చునేవారు. గ్యాసుని కొలిచే మీటరు ఎక్కడుందో ఎవరికీ తెలీదు, సూరిబాబు ఎక్కడున్నాడో మాత్రం అందరికీ తెలుసు.

అన్నని ఒప్పించడానికి వీరవేణి తల ప్రాణం తోకకొచ్చింది. నా భయంతో వాళ్ళకేం పనే, ఆవకాయా పంచిపెట్టడానికి, అన్నాడు. నీలాంటి ఒళ్ళు ఫ్యాక్టరీకొకటి ఉంటే మరొకడు చావడు కదా అని ఆమె అంది. చచ్చిపోయిన తోటివాడు గుర్తొచ్చాడో ఏమో, కాదనడం మానేశాడు. తర్వాత, నాకేం కాదుగా, అని అడిగాడు.

"నకలు తీసుకుంటారు, అంతే అన్నయ్యా. నీది నీ దగ్గరే ఉంటుంది," అంది వీరవేణి. డాక్టరు చెప్పిన ముక్కని తన నమ్మకం కలిపి మరీ చెప్పింది.

ఆదివారం నాడు అన్నాచెల్లెళ్ళిద్దరూ ఎదురెదురు కుర్చీల్లో కూర్చున్నారు. మైథిలి పట్టీలు కట్టింది. అమ్మోనియా నీళ్ళలో ముంచిన దూదిని సూరిబాబు ముక్కు దగ్గరికి తెచ్చింది. అతను కుర్చీలో ఎగిరిపడ్డాడు. అదే క్షణంలో వీరవేణి మెడ వెనక ఎవరో మంచుగడ్డ పెట్టినట్టయింది. గొంతు బిగిసింది, కాళ్ళు వాటంతటవే తలుపు వైపు తిరిగాయి, నేల మీద పాకాలనిపించింది. ఎప్పుడూ లోపలికి అడుగుపెట్టని కంప్రెసర్ గది చీకట్లో ఒక చెయ్యి తన చీలమండ పట్టుకుని వదిలేసినట్టనిపించింది. ఏడుపొచ్చేసింది. ఇంత మోసుకుంటూ ఇన్నాళ్ళూ తిరిగాడా తన అన్న! ఆ కన్నీళ్ళతోనే ఆమెకి అతని మీద ప్రేమ రెట్టింపయింది.

ఆ శిక్షణ మాత్రం గొప్పదే. లేనిపోనివి చెప్పడమెందుకు? మర్నాడు హాల్లో అడుగుపెట్టగానే ఆమె మెడ చివ్వుమంది. గోడ వెనక ఎవరి కంటా పడని ఒక పైపు అతుకు దగ్గర సన్నగా కారుతోంది. మేనేజరుని చెయ్యి పట్టుకుని లాక్కొచ్చి చూపించింది. ఆడవాళ్ళు ఈలలెయ్యడమొక్కటే తక్కువ. ఆ కబురు తీరమంతా పాకింది. మిగతా ఫ్యాక్టరీల నుంచి కొత్త ప్రతినిధులు బ్యాచులు బ్యాచులుగా వచ్చారు. ప్రతి ఆదివారం సూరిబాబు వెళ్ళి ఆ కుర్చీలో కూర్చునేవాడు, ఎదుటి కుర్చీలో మనుషులు మారేవారు.

ఇంట్లో కూడా అంతా మంచే జరుగుతున్నట్టు కనిపించింది. సూరిబాబు కంటి నిండా నిద్రపోతున్నాడు. రెండోసారి కూర వడ్డించమంటున్నాడు. ఎప్పుడో మానేసిన పాటలు కూనిరాగాలు తీస్తున్నాడు. వదిన నాగదుర్గ ముఖం కళకళలాడింది. నీ పుణ్యమే వేణీ అని వీరవేణి చేతులు కళ్ళకద్దుకుంది. అయితే ఒకరోజు అతను పొయ్యి మీద కాగుతున్న మూకుడిని ఉత్త చేతుల్తో దించాడు. చర్మం ఊడొచ్చాక చూసుకుని, అరె, అన్నాడు. పెరట్లోకొచ్చిన పాముని తోక పట్టుకుని పక్కింటివాళ్ళకి చూపించడానికి బయల్దేరాడు. ఫ్యాక్టరీలో మాస్కు తీసి కొక్కేనికి తగిలించి, పాతకాలపు ఆపరేటర్లలాగా వాల్వు దగ్గర ముక్కు పెట్టి వాసన చూసి, సన్నగా ఉందిలే, అనడం మొదలుపెట్టాడు. మన సూరిబాబుకి మళ్ళీ మగతనం వచ్చిందిరా అని తోటివాళ్ళు భుజం తట్టారు. వీరవేణికి ఎక్కడో కలుక్కుమందిగానీ, పోనీలే, తేరుకుంటున్నాడు అనుకుంది. తప్పులో కాలేసింది.

ఆ రోజు భోజనాల వేళ దగ్గర పడుతోంది. వీరవేణి మెడ ఒక్కసారి గడ్డకట్టింది. ఇదివరకెప్పుడూ అంత గట్టిగా రాలేదు. కత్తెర కిందపడేసి, లేవండే, బయటికి పదండి, అని హాలు దద్దరిల్లేలా అరిచింది. చేతులాగాయి. తలలన్నీ ఎప్పట్లాగే కంప్రెసర్ గది గుమ్మం వైపు తిరిగాయి. అక్కడ సూరిబాబు స్టూలు మీద కాలు మీద కాలేసుకుని టీ తాగుతున్నాడు. వీళ్ళందరూ తననే చూస్తుంటే నవ్వి గ్లాసు పైకెత్తాడు కూడా.

"సూరిబాబే కూర్చున్నాడు కదే, ఏంటే నీ కంగారు?" అంది బేబమ్మ, గుమ్మానికి దగ్గరి బల్ల దగ్గర నుంచి. ఆవిడ హాల్లో అందరికంటే పెద్దది. ఆవిడ చేతులు మళ్ళీ రొయ్యల మీదకి వెళ్ళాయి, ఆవిణ్ణి చూసి మిగతావాళ్ళవీ వెళ్ళాయి.

తమ గొంతుగా ఎన్నుకున్న గొంతు అది. చించుకున్నా ఎవరూ కదల్లేదు. ఒక్కొక్కర్నీ జబ్బ పట్టుకుని ఈడ్చుకెళ్తుండగా తెల్లటి పొగ గుమ్మంలోంచి నేల మీదుగా వచ్చింది. అప్పుడు లేచారు, అప్పుడు ఒకరి మీద ఒకరు పడ్డారు. బేబమ్మని నలుగురు మోసుకొచ్చారు. సూరిబాబు లోపల తీరిగ్గా వాల్వు తిప్పి ఆపి, కళ్ళు నెత్తుటి ముద్దల్లా చేసుకుని, దగ్గుతూ బయటికొచ్చాడు. కాస్త కారిందిలే అన్నాడు. ఆ ముఖంలో దిగులు లేదు, వణుకు లేదు. వీరవేణి ఆ ముఖం చూస్తూ నిలబడిపోయింది. వణకాల్సిన వణుకంతా తన ఒంట్లో ఉంది. ఆ వణుకు ఎవరిదో ఆమెకప్పుడు అర్థమైంది.

బేబమ్మ బతికింది. కానీ ఊపిరి తీసుకోవడం ఆవిడకి రోజంతా చేసే పనైపోయింది, మాట పోయింది. ఆస్పత్రి నుంచి వీరవేణి తిన్నగా కాకినాడ వెళ్ళింది. మైథిలి ఆమెని చూడగానే గది తలుపు దగ్గరకి వేసింది. ఆ తలుపు వేసిన తీరులోనే సగం సమాధానం వచ్చేసింది.

"నీకు తెలుసా?" అని అడిగింది వీరవేణి.

"తెలుసు. మొదటిసారి నుంచే తెలుసు. నకలు రాదు వేణీ, చెంబులోంచి చెంబులోకి ఒంపినట్టు వస్తుంది. ఎంత ప్రయత్నించినా నకలు రాలేదు."

"మరి దీపం అన్నావు."

"అనకపోతే ఆయన్ని తెచ్చేదానివా?"

మైథిలి ముఖంలో సిగ్గు లేదని కాదు, ఉంది. దాని పక్కనే లెక్క కూడా ఉంది. ఒక్క మనిషి భయం ఇన్ని ఫ్యాక్టరీల్లో కాపలా కాస్తోందని, వాటిల్లో జరగకుండా ఆగిన ప్రమాదాలు ఎవరి కంటికీ కనబడవని మెల్లగా చెప్పుకొచ్చింది. వీరవేణి వినలేదు. నమ్మించి గొంతు కోశావు కదే, నా చేత్తోనే మా అన్న గొంతు కోయించావు కదే, అంది. నిప్పులు చెరగాల్సిన ఆ గొంతు ఆ పూట గుసగుస కూడా కాలేకపోయింది. మైథిలి కళ్ళు దించుకుని, ఇంకొకటి కూడా తెలిస్తే మంచిది అంది. ఇంట్లోవాళ్ళకి చెప్పకుండా చెయ్యలేదట. నాగదుర్గకి ముందే అంతా చెప్పిందట. ఆవిడ సరేనందట.

ఆ సాయంత్రం వదిన వాకిట్లో కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. వీరవేణి నిలబడే అడిగింది. నాగదుర్గ బుకాయించలేదు.

"నువ్వు మీ అన్నతో పగలు పనిచేశావు. రాత్రుళ్ళు పక్కన పడుకుంది నేను. గొంతు పట్టుకుని లేచి గోడలు గీరే మనిషిని ఎప్పుడైనా చూశావా? భయం పోతుందంది డాక్టరమ్మ. పోతే పోనీ అన్నాను. నాకు నా మొగుడు కావాలి వేణీ."

మోసం చేసినవాళ్ళు దుర్మార్గులైతే తిట్టుకునైనా బతకొచ్చు. ఒకరు చిన్ననాటి నేస్తం, ఇంకొకరు ఇంటి ఆడపడుచునని ఏనాడూ తనని వేరుగా చూడని వదిన. మధ్యలో తను. ముగ్గురాడవాళ్ళు కలిసి ఒక మగాడి ఒంట్లోంచి ప్రాణానికి కాపలా ఉన్నదాన్ని తీసేశారు, అతనికి చెప్పకుండా. ఇద్దరు తెలిసి చేశారు, ఒకతె తెలియక చేసింది. పొగ వచ్చినరోజు ఆ తేడా బేబమ్మ ఊపిరితిత్తులకి పట్టలేదు.

సేఫ్టీ ప్రతినిధిగా ఆమె చేయగలిగింది చేసింది. అన్నని కంప్రెసర్ గది నుంచి మార్చమని మేనేజరుని అడిగింది. ఆయన నవ్వాడు. సూరిబాబు ఇప్పుడున్నంత మంచి ఆపరేటరుగా ఇంతవరకూ లేడన్నాడు, అయినదానికీ కానిదానికీ ప్లాంటు ఆపడం మానేశాడన్నాడు. హెడ్ ఆపరేటర్ని చేద్దామనుకుంటున్నారట. అన్నతోనే చెప్పింది, ఉన్నది ఉన్నట్టు. అతను శ్రద్ధగానే విన్నాడు.

"పోయిందంటే పోనీవే. నాకు హాయిగా ఉంది. ఆ కుక్కబతుకు నాకు మళ్ళీ వద్దు," అన్నాడు. చనిపోతావు అన్నయ్యా అంటే, అందరూ చస్తారు అన్నాడు, వాన పడేలా ఉంది అన్నట్టుగా. భయం లేనివాడికి భయం ఎందుకు కావాలో ఎలా చెప్పడం? తల పగలగొట్టుకున్నా దారి దొరకలేదు. ఈలోగా అతను రోజూ మాస్కు లేకుండా ఆ గదిలోకి వెళ్ళొస్తూనే ఉన్నాడు. అతను కూర్చున్నాడు కదా అని హాల్లో ఆడవాళ్ళు ఇంకా కూర్చుంటూనే ఉన్నారు. బేబమ్మ సంగతి చూశాక కూడా కూర్చుంటున్నారు. అలవాటు అలాంటిది.

తిరిగి పెట్టొచ్చా అని వీరవేణి మైథిలిని అడిగింది. పెట్టొచ్చు, కానీ మిగతా ప్రతినిధుల్లో చేరింది పిడికెడు పిడికెడు, ఎవరూ తిరిగివ్వరు అంది మైథిలి. ఎక్కువ భాగం మొదట కూర్చున్న నీ దగ్గరే ఉంది, అదిస్తే ఆయన మళ్ళీ మనిషవుతాడు. అయితే అది నీ సొంత భయంతో కలిసిపోయింది, పాలల్లో నీళ్ళు పోసినట్టు. ఇస్తే రెండూ పోతాయి, నీ ఒంట్లో ఇక ఏ జంకూ మిగలదు. అన్నిటికంటే ముందు ఆయన ఒప్పుకోవాలి.

ఒప్పుకోడు అని ఇద్దరికీ తెలుసు. వీరవేణి ఒక్కటే చెప్పింది. పెట్టె సిద్ధం చెయ్యి, లేకపోతే వచ్చే బ్యాచి ముందు నిలబడి అంతా చెబుతాను. మైథిలికి ఆ గొంతు చిన్నప్పటి నుంచీ తెలుసు. సరే అంది. ఇక్కడొక సంగతుంది, దాన్ని దాచకూడదు. సిద్ధం చేస్తే చెప్పనని కూడా ఆ మాటకి అర్థం. ఎదుటి కుర్చీలోకి రేపు ఇంకెవరి అన్నో వస్తాడని తెలిసే వీరవేణి ఆ బేరం కుదుర్చుకుంది.

ఆదివారం వచ్చింది. మళ్ళీ నాకే శిక్షణట అన్నయ్యా, ఒకసారి వచ్చి కూర్చో, ఒక్క చుక్కే కదా, అంది. ఆ మాటలు అంటున్నప్పుడు ఆమె నాలుక తడబడలేదు. సూరిబాబు దానికేం భాగ్యం అన్నాడు. అసలు సంగతంతా తెలిసి కూడా, చెల్లెలు అడిగింది కాబట్టి ఇంకో చుక్క పోతే పోయిందనుకున్నాడు. బస్సులో ఆమెకి కిటికీ పక్క సీటిచ్చి, జీడిపప్పు పాకం కొనిపెట్టాడు. దారి పొడుగునా హెడ్ ఆపరేటరు అయితే ఏం చేస్తానో చెప్పాడు. వీరవేణి తింటూ వింది. వెనక్కి తిరిగిపోదామని గుండె కొట్టుకుంది. అయినా బస్సు దిగి అతని ముందు నడిచింది.

పట్టీలు కట్టారు. ఈసారి దూది వచ్చింది వీరవేణి ముక్కు దగ్గరికి. సూరిబాబు అది చూసి, తేడాగా ఉందేంటి అన్నట్టు మైథిలి వైపు తిరిగాడు. అడగడానికి వ్యవధి లేదు. వీరవేణి మెడ గడ్డకట్టింది, గొంతు బిగిసింది, కాళ్ళు తలుపు వైపు తిరిగాయి. ఆ తర్వాత అంతా జారిపోయింది. బిగువు వదిలింది. గుండె మామూలుగా, చాలా మామూలుగా కొట్టుకుంటోంది. ఎదుటి కుర్చీలో ఆమె అన్న గొంతు పట్టుకుని వంగిపోయాడు. చెమటలు కక్కుతున్నాడు. వదిలేసిన ఆ చెయ్యి మళ్ళీ అతని చీలమండ పట్టుకుని ఉంటుంది. పట్టీ తెంపుకుని, కుర్చీ తన్నేసి, వెనక్కి వెనక్కి వెళ్ళి గోడకి ఆనుకున్నాడు.

గదిలో చుట్టూ చూశాడు. పెట్టెని చూశాడు, మైథిలిని చూశాడు. చివరికి చెల్లెల్ని చూశాడు. అతని ముఖంలో లెక్కలన్నీ ఒక్కొక్కటే కుదురుకోవడం వీరవేణికి కనబడింది. వద్దన్నాను కదా. నాకే శిక్షణ అంది కదా. బస్సులో నా పక్కన కూర్చుని పాకం తింది కదా. ఇన్నాళ్ళకి తిరిగొచ్చిన ఆ భయం, గ్యాసు మీదకి పోలేదు, పైపుల మీదకి పోలేదు. వచ్చీ రాగానే ఆమె మీద వాలింది.

"నువ్వు నా దగ్గరికి రాకు," అన్నాడు సూరిబాబు.

వీరవేణికి ఏడుపు ముంచుకొచ్చింది. దుఃఖం పోలేదు, అది భయంతో పాటు పోయేది కాదు. అన్నయ్యా, నేనే, అంది. అని, అతన్ని పట్టుకుని ఊరుకోబెడదామని లేచి ముందుకి నడిచింది. అలా వణికిపోతున్న మనిషి మీదకి ఎవరైనా అయితే వెళ్ళేముందు ఒక్క క్షణం జంకుతారు, ఆగుతారు. ఆ ఆగడం ఆమె ఒంట్లో ఇప్పుడు లేదు. ఆగు వేణీ, అని వెనక నుంచి మైథిలి కొంగు పట్టుకుని లాగింది. అతను రాకు, రాకు అంటూ రెండు చేతులూ అడ్డం పెట్టుకుని గోడ వెంబడి మూలకి జరిగాడు. వీరవేణి కొంగు విడిపించుకుని, ఏడుస్తూ, అన్న వైపు నడుస్తూనే ఉంది.